సూపర్‌బైక్ వారాంతం: ఆదివారం రేసు అర్థం కావాలంటే శుక్రవారం ఏం చూడాలి?

అనంతపురం నుంచి వచ్చిన ప్రశ్న ఇది. నలుగురు స్నేహితులు కలిసి వరల్డ్ సూపర్‌బైక్ అనే బైకు రేసుల ప్రపంచ చాంపియన్‌షిప్ చూస్తున్నారు, అదీ ఆదివారం సాయంత్రం రెండో రేసు ఒక్కటే. మొదటి పది ల్యాపులు అందరికంటే ముందు ఉరికినవాడు ఆఖర్లో ఐదో స్థానానికి ఎందుకు జారిపోతాడో, కామెంటరీ చెప్పేవాళ్లు పొద్దస్తమానం టైర్ల గొడవే ఎందుకు ఎత్తుతారో తెలియట్లేదంటున్నారు. మూడు రోజుల్లో ఏది తప్పక చూడాలి, ఏది వదిలేయొచ్చు, మన సీమ నుంచి నేరుగా పోయి చూడాలంటే ఎక్కడికి పోవాలి అని కూడా అడిగారు.

సూటిగా జవాబు: శుక్రవారం రెండో ప్రాక్టీసు చూడండి. టైం లేకుంటే కనీసం దాని ల్యాప్ టైముల పట్టిక చదవండి. ఆదివారం మీకు వింతగా కనబడేదాంట్లో ముక్కాలు భాగం శుక్రవారం సాయంత్రానికే బయటపడి ఉంటుంది. రేసు మొదట్లో ఎవడు ఎక్కడ నిలబడాలో తేల్చే శనివారం క్వాలిఫయింగ్ 15 నిమిషాలే, దాన్ని వదలొద్దు. ఆదివారం మధ్యాహ్నం జరిగే పొట్టి రేసు చూడకుండా రెండో రేసుకు కూర్చుంటే ఎవడు ఎక్కడ ఎందుకు నిలబడ్డాడో అంతుపట్టదు. నిశ్చింతగా వదిలేయగలిగినవి రెండు: శనివారం పొద్దున మూడో ప్రాక్టీసు, ఆదివారం పొద్దున వార్మప్. ఆ టైములో ఉగ్గాని బజ్జీ తిని రండి, ఏమీ పోదు.

మన ఊళ్లలో సైలెన్సర్ మార్చిన పెద్ద బండి ఏదైనా సూపర్‌బైకే. రేసుల్లో ఆ మాటకు హద్దు ఉంది. ఇంకో పెద్ద చాంపియన్‌షిప్ మోటోజీపీలో తిరిగే బండ్లు రేసు కోసమే కట్టినవి, ఏ షోరూంలోనూ దొరకవు. 1988లో మొదలైన సూపర్‌బైక్ చాంపియన్‌షిప్‌లో తిరిగేవి మాత్రం రోడ్డు మీదకు అమ్మే బండ్లే. ఫ్రేము, ఇంజను అవే ఉండాలి. సస్పెన్షన్, బ్రేకులు, ఎలక్ట్రానిక్స్ లాంటివి నియమాల మేరకు మార్చుకోవచ్చు. నాలుగు సిలిండర్లయితే 1000 సీసీ మించకూడదు. అందుకే రోడ్డు మీద మామూలు పానిగాలే వీ4 1103 సీసీ అయితే, రేసుకు పనికొచ్చే వీ4 ఆర్ 998 సీసీ. బండి కనీస బరువు 168 కిలోలు. బిమోటా కేబీ998 అని కొత్త పేరు కనబడితే కంగారు పడొద్దు, లోపల ఉన్నది కవాసాకి ఇంజనే. 2025 నుంచి కవాసాకి జట్టే ఆ బండితో దిగుతోంది.

మన గడియారంలో ఎప్పుడు? ఇటలీ, స్పెయిన్, నెదర్లాండ్స్, ఫ్రాన్స్, చెక్ దేశాల్లో ఎండాకాలం రౌండ్లకు అక్కడి టైముకు మూడున్నర గంటలు కలపండి. బ్రిటన్, పోర్చుగల్ అయితే నాలుగున్నర. మధ్యాహ్నం 2 గంటల రేసు ఇటలీలోని మిసానోలో అయితే మనకు సాయంత్రం 5:30, బ్రిటన్‌లోని డోనింగ్టన్‌లో అయితే 6:30. ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలాండ్‌కు లెక్క తిరగబడుతుంది, అక్కడి టైములోంచి ఐదున్నర తీసేయాలి. ఈ గంట తేడా మర్చిపోయి రేసు సగంలో టీవీ పెట్టేవాళ్లు చానామంది. సెషన్ల టైములు ఒక్కో రౌండుకు కాస్త మారతాయి, కాబట్టి గురువారమే అధికారిక సైటులో ఆ రౌండు టైంటేబుల్ చూసుకోండి. ల్యాప్ టైముల పట్టికలు కూడా అక్కడే పీడీఎఫ్‌గా పెడతారు.

ఇక శుక్రవారం. రెండు ప్రాక్టీసులు, ఒక్కోటి 45 నిమిషాలు. మొదటిది పొద్దున, రెండోది సాధారణంగా మధ్యాహ్నం. రెండోది ఎందుకు ముఖ్యమంటే అది ఇంచుమించు రేసు టైములోనే జరుగుతుంది. తారు వేడి రేసులో ఎంత ఉంటుందో దాదాపు అంతే. జూన్ నెలలో మిసానో ట్రాక్ ఉపరితలం మధ్యాహ్నానికి 50 డిగ్రీలు దాటడం మామూలే. పొద్దున అదే తారు చల్లగా ఉంటుంది, టైరు వేరేగా ప్రవర్తిస్తుంది. మూడో ప్రాక్టీసును వదిలేయమన్నది అందుకే. పొద్దున చల్లదనంలో వచ్చిన టైం మధ్యాహ్నం రేసుకు పెద్దగా సాక్ష్యం కాదు.

రెండో ప్రాక్టీసు చూసేటప్పుడు అందరూ చేసే తప్పు పట్టికలో మొదటి పేరు చూసి 'వీడే గెలుస్తాడు' అనుకోవడం. ఆ మొదటి టైం చాలాసార్లు ఆఖరి ఐదు నిమిషాల్లో కొత్త మెత్తటి టైరు వేసుకుని కొట్టిన ఒక్క ల్యాపు. అది మీకు అక్కర్లేదు. మీకు కావలసింది ఒకే టైరు మీద ఆపకుండా తిరిగిన పొడవాటి విడత. రైడరు బయటికొచ్చి ఎనిమిది, పది ల్యాపులు వరసగా తిరిగితే ఆ విడతను పట్టుకోండి. బయటికొచ్చిన ల్యాపు, లోపలికి పోయిన ల్యాపు కొట్టేయండి. ముందు నెమ్మదిగా పోయేవాడు అడ్డం వచ్చి ఒక ల్యాపు మాత్రం సెకనో సెకనున్నరో ఎక్కువైతే దాన్నీ కొట్టేయండి. మిగిలినవాటిలో మొదటి మూడింటి సగటు, ఆఖరి మూడింటి సగటు రాసుకోండి. ఆ రెండింటి మధ్య తేడాయే టైరు అరుగుదల. కాగితం, పెన్ను, పది నిమిషాలు చాలు.

లెక్కకు ఇద్దరిని అనుకుందాం. మొదటివాడు కొత్త టైరు మీద 1 నిమిషం 34.3 సెకన్ల చొప్పున తిరుగుతాడు, ఎనిమిది ల్యాపుల తర్వాత 35.2కు పడిపోతాడు. రెండోవాడు మొదట్లో 34.7, తర్వాత 34.9. ఇరవై ల్యాపుల రేసులో మొదటి ఎనిమిదింటికి ముందువాడు ల్యాపుకు 0.4 చొప్పున 3.2 సెకన్లు సంపాదిస్తాడు. టీవీలో చూసేవాళ్లు రేసు అయిపోయిందనుకుంటారు. మిగతా పన్నెండు ల్యాపుల్లో రెండోవాడు 0.3 చొప్పున 3.6 సెకన్లు లాగేస్తాడు. ఆఖరి ల్యాపులో దాటేస్తాడు. మీరు అడిగిన 'మొదట ఉరికి చివర్లో జారడం' అంటే ఇదే. పైగా నిజం రేసులో ఇంకాస్త ఘోరంగా ఉంటుంది, ఎందుకంటే టైరు నెమ్మదిగా కాక ఒక్కసారిగా పడిపోయే రోజులుంటాయి. అప్పుడు ల్యాపుకు సెకను పైనే పోతుంది, వెనకున్న ముగ్గురూ వరసగా దాటేస్తారు.

టైరు ఎందుకంత త్వరగా పోతుంది? 200 పైచిలుకు గుర్రపు బలమున్న ఇంజను బలమంతా మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు వెనక టైరు అంచు మీద అరచేయంత మేర మాత్రమే ఆనుతుంది. టైరు కాస్త జారుతూ తిరుగుతుంది, జారితే వేడి, వేడెక్కితే పట్టు పోతుంది, పట్టు పోతే ఇంకా జారుతుంది. ఒకసారి ఈ గుండ్రంలో పడ్డవాడు బయటికి రాలేడు. తెలివైనవాడు మొదటి ఐదు ల్యాపుల్లో థ్రాటిల్ నెమ్మదిగా తిప్పి, బండిని త్వరగా నిటారు చేసి, టైరు మధ్యభాగం మీద బలం పెడతాడు.

టైర్లకు ఒకే సరఫరాదారు విధానం 2004లో మొదలైంది, అప్పటి నుంచి పిరెల్లి పేరే వింటాం. దాని పేర్లు మొదట గజిబిజిగా ఉంటాయి, నాలుగు గుర్తుంటే చాలు. ఎస్‌సీ0 మెత్తనిది, ఎస్‌సీ1 దానికంటే గట్టిది. ఎస్‌సీఎక్స్ ఇంకా మెత్తటి వెనక టైరు. పొట్టి రేసు కోసమని వచ్చి తర్వాత పూర్తి రేసుల్లోనూ వాడకంలోకి వచ్చింది. ఎస్‌సీక్యూ అన్నిటికంటే మెత్తనిది, క్వాలిఫయింగ్‌కు చేసింది. దాని ప్రాణం చానా తక్కువ. గ్రిడ్ (రేసు మొదలయ్యే చోట బండ్లు నిలబడే వరసలు) మీద ఎవడు ఏ టైరు పెట్టాడో తెరమీద చూపిస్తారు. ఆ పది సెకన్లు ఫోను పక్కన పెట్టి రాసుకోండి. ముందు వరసలో ఇద్దరు ఎస్‌సీఎక్స్, ఒకడు ఎస్‌సీ0 పెట్టుంటే మొదటి ఆరు ల్యాపులు ఎలా నడుస్తాయో, ఆఖరి ఆరు ఎలా ఉంటాయో మీరే చెప్పేయగలరు.

టైరు గొడవ ఎంత దూరం పోతుందో తెలియాలంటే ఫిలిప్ ఐలాండ్ చూడాలి. 4.445 కిలోమీటర్ల ట్రాక్, ఎడమ మలుపులే ఎక్కువ, అవీ చానా వేగమైనవి. ముఖ్యంగా మెయిన్ స్ట్రెయిట్‌కు ముందున్న ఆఖరి పొడవాటి ఎడమ మలుపులో టైరు ఎడమ భుజం ఉడికిపోతుంది. 2024 రౌండుకు ముందు అక్కడ కొత్తగా తారు వేశారు. పట్టు పెరిగింది, దానితోబాటే టైరు మీద భారమూ పెరిగింది. చివరికి పెద్ద రేసుల మధ్యలో అందరూ తప్పనిసరిగా పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన జట్ల గ్యారేజీల దగ్గరికి వచ్చి టైర్లు మార్చాలని నిర్ణయించారు. ఆ వారాంతంలో మొదటి రేసు కొత్తగా ఈ తరగతిలోకి వచ్చిన నికొలో బులెగా గెలిచాడు, పొట్టి రేసు, రెండో రేసు అలెక్స్ లోస్ గెలిచాడు. రేసు ఒక్కటే చూసినవాళ్లకు 'ఇదేంది, కార్ల రేసులాగా మధ్యలో ఆగుతున్నారు' అనిపించి ఉంటుంది.

శుక్రవారాన్ని తేలిగ్గా తీసుకోకూడదనడానికి ఇంకో ఉదాహరణ అదే ఏడాది ఫ్రాన్స్‌లోని మాన్యీ-కూర్ రౌండు. తొప్రాక్ రాజ్‌గాత్లియోగ్లు వరసగా 13 రేసులు గెలిచి వచ్చాడు. అక్కడ శుక్రవారం ప్రాక్టీసులో పడ్డాడు. ఆ వారమంతా పోయింది, తర్వాతి క్రెమోనా రౌండు కూడా పోయింది. అంటే ఒక్క శుక్రవారం పడిపోవడానికి ఆరు రేసుల ఖరీదు. ఆ ఏడాది టైటిల్ చివరికి అతనే గెలిచాడు గానీ, సెప్టెంబరు నెల ఆసక్తి అంతా ఆ ఒక్క పడడంలోంచే పుట్టింది.

శనివారం క్వాలిఫయింగ్ పేరు సూపర్‌పోల్. 15 నిమిషాల్లో ఒక్కొక్కరు సాధారణంగా రెండు విడతలు తిరుగుతారు, రెండోదానికి ఎస్‌సీక్యూ. ఆ టైరు మీద ఒకే ఒక్క మంచి ల్యాపు ఉంటుంది కాబట్టి దాంట్లో ముందు ఎవడైనా నెమ్మదిగా అడ్డం వచ్చినా, పసుపు జెండా ఊగుతున్న చోటు దాటినా అది వృథా. పసుపు జెండా కింద పెట్టిన టైం చెల్లదు. వేగమున్నవాడు ఏడో స్థానంలో నిలబడ్డాడంటే చాలావరకు కారణం ఇదే. అందుకే సూపర్‌పోల్ చూస్తే శనివారం మొదటి రేసులో ఎవడు వెనక నుంచి దూసుకొస్తాడో ముందే తెలుస్తుంది. గ్రిడ్ వరసకు ముగ్గురు. ఏడు అంటే మూడో వరస, మొదటి మలుపులో ఇరుక్కునే చోటు.

ఆదివారం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, 2019లో ఈ పద్ధతి వచ్చినప్పటి నుంచి ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. మధ్యాహ్నం మన టైము రెండున్నర ప్రాంతంలో 10 ల్యాపుల పొట్టి రేసు, సూపర్‌పోల్ రేస్ అంటారు. పెద్ద రేసులు రెండింటికీ పాయింట్లు 25, 20, 16, 13, 11 నుంచి ఒకటి దాకా పదిహేను మందికి. పొట్టి రేసుకు తొమ్మిది మందికే: 12, 9, 7, 6, 5, 4, 3, 2, 1. వారాంతం మొత్తం గెలిస్తే 62. పాయింట్లు తక్కువే కదా అని వదిలేస్తే పొరపాటు. పొట్టి రేసులో మొదటి తొమ్మిది స్థానాలే రెండో రేసుకు మొదటి మూడు వరసలు. పదో స్థానం నుంచి మాత్రం శనివారం సూపర్‌పోల్ వరస ప్రకారం నిలబెడతారు. పొట్టి రేసులో పడిపోతే సూపర్‌పోల్‌లో మొదటి స్థానం కొట్టినవాడికైనా రెండో రేసులో పదో చోటే దిక్కు.

2025లో స్పెయిన్‌లోని హెరెస్ ఆఖరి రౌండులో సరిగ్గా ఇదే జరిగింది. పొట్టి రేసు మొదటి ల్యాపులోనే బులెగా తగిలి తొప్రాక్ పడ్డాడు. రెండో రేసుకు పదో స్థానం నుంచి బయల్దేరి మూడో స్థానంలో ముగించి టైటిల్ పట్టుకున్నాడు. 2021, 2024 తర్వాత అది మూడోది. రెండో రేసు ఒక్కటే చూసినవాళ్లు 'చాంపియన్ అయ్యేవాడు నాలుగో వరసలో ఏం చేస్తున్నాడు' అని అడిగి ఉంటారు.

పొట్టి రేసు గెలుపోటములు రెండోసారి కాగితం మీద కూడా జరుగుతాయి. 2021 మాన్యీ-కూర్ పొట్టి రేసులో తొప్రాక్ ముందు గీత దాటాడు. ఆఖరి ల్యాపులో ట్రాక్ హద్దు దాటి ఆకుపచ్చ రంగు మీదకు పోయాడని తర్వాత ఒక స్థానం కిందకు దించారు. గెలుపు జొనాథన్ రే చేతికి పోయింది. ఆఖరి ల్యాపులో కొంచెం దాటినా ఒక స్థానం పోవచ్చు; మధ్య ల్యాపుల్లో పదేపదే దాటితే లాంగ్ ల్యాప్ శిక్ష, అంటే మలుపు బయట గీసిన పొడవాటి దారిలో తిరిగి రావాలి. 2015 నుంచి 2020 దాకా ఆరు టైటిళ్లు వరసగా గెలిచిన రే పరంపర ఆ ఏడాదే తెగింది, తేడా 13 పాయింట్లు. ఇలాంటి మూడు పాయింట్ల మార్పులు అందుకే గుర్తుంటాయి.

రేసు నడుస్తున్నప్పుడు దేన్ని గమనించాలి అనేది మీరు అడగలేదు గానీ, చెప్పకపోతే పైదంతా సగమే.

దూరం చూసి మోసపోకండి. స్ట్రెయిట్‌లో 280 కిలోమీటర్ల వేగంలో ఒక సెకను అంటే 78 మీటర్లు. హెయిర్‌పిన్ లాంటి బాగా ముడుచుకున్న మలుపులో 70 వేగంలో అదే సెకను 19 మీటర్లు. రెండు బండ్ల మధ్య తేడా ఒకటే, తెరమీద మాత్రం మలుపు దగ్గర 'పట్టేశాడు, పట్టేశాడు' అనిపిస్తుంది. మీటర్లు వదిలేసి ప్రతి ల్యాపు గీత దగ్గర చూపించే సెకన్లు మాత్రం చూడండి. వరసగా మూడు ల్యాపులు తగ్గుతుంటేనే అది వెంటాడడం.

వెనక టైరు పోతున్న గుర్తులు కంటికి, చెవికి తెలుస్తాయి. మలుపు బయట వెనక చక్రం పక్కకు ఊగుతుంది. రైడరు లోపలి గీత పట్టలేక వెడల్పుగా పోతాడు. చక్రం జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ పదేపదే బలం కోయడం వల్ల ఇంజను శబ్దం తెగి తెగి, తడబడినట్టు వస్తుంది. ఆన్‌బోర్డ్ కెమెరా వేసినప్పుడు కామెంటరీ కాస్త తగ్గించి ఇది వినండి. రేసు మొదట్లో శుభ్రంగా ఒకే ధాటిగా లేచిన శబ్దం పన్నెండో ల్యాపుకు చిరిగినట్టు వినబడితే వాడి కథ ముగిసినట్టే.

ముందు టైరు సంగతి వేరు. ముందువాడి వెనకే అంటుకుని పోయేవాడికి గాలి తగలదు, ముందు టైరు వేడెక్కి లోపల ఒత్తిడి పెరుగుతుంది, బ్రేకు వేసేటప్పుడు పట్టు తగ్గుతుంది. అందుకే దాటే అవకాశం ఉండి కూడా అర సెకను వెనక్కి తగ్గుతాడు. 'వదిలేశాడు' అనుకుంటాం. టైరు చల్లబడ్డాక ఆఖరి మూడు ల్యాపుల్లో మళ్లీ వస్తాడు. తొప్రాక్ లాంటివాళ్లు దీన్ని లెక్కచేయకుండా వెనక చక్రం గాల్లోకి లేచేదాకా బ్రేకు వేసి దాటేస్తారు. దాన్ని చూసి అదే సరైన పద్ధతి అనుకోవద్దు. అలా చేసి టైరు బతికించుకోగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పెట్రోలు ట్యాంకు 21 లీటర్లు, అంటే పదిహేను కిలోలకు పైనే. రేసు చివరికి ఆ బరువంతా పోయి బండి తేలికవుతుంది. అయినా ల్యాప్ టైము పెరుగుతోందంటే టైరు అంతకంటే ఎక్కువ పోగొట్టిందన్నమాట. తేలిక అనగానే అల్వారో బౌటిస్టా గుర్తొస్తాడు. 2023లో 36 రేసుల్లో 27 గెలిచాడు. మనిషి బక్కపలచన, అది బండికి లాభమని మిగతా జట్ల గొడవ. 2024 నుంచి తక్కువ బరువున్న రైడర్ల బండికి అదనపు బరువు కట్టాలనే నియమం వచ్చింది. ఆ తర్వాత అతని ఫలితాలు తగ్గాయి. అదొక్కటే కారణమని నేననను, ఆ జట్టులోనే బులెగా లాంటి గట్టి పోటీ కూడా అప్పుడే వచ్చింది.

జెండాల్లో టీవీ ప్రేక్షకుడికి కావలసినవి నాలుగు. పసుపు: ముందు ప్రమాదం, దాటకూడదు. ఎరుపు: సెషన్ ఆగింది. నీలం: వెనక నుంచి ల్యాపు ముందున్నవాడు వస్తున్నాడు, దారివ్వు. నల్లగుడ్డ మీద నారింజ చుక్క, పక్కన నంబరు: నీ బండిలో లోపముంది, వెంటనే పక్కకు తప్పుకో. ఈ ఆఖరిది కనబడితే ఆ బండి నుంచి నూనె కారుతోందేమో చూడండి. తర్వాత వచ్చేది ఎర్రజెండా కావచ్చు.

పెద్ద రేసుల మధ్య జరిగే సూపర్‌స్పోర్ట్ రేసులను టీ తాగే విరామం అనుకోకండి. పాత 600 సీసీ తరగతి ఇప్పుడు యమహా ఆర్9, డుకాటీ పానిగాలే వీ2, ట్రయంఫ్ 765, ఎంవీ అగుస్టా 800 అన్నీ కలిసిన రంగం. ఇంజన్లు వేరు, బలం మాత్రం నియమాలతో దగ్గరకు తెచ్చారు. గుంపు చివరిదాకా విడిపోదు. సూపర్‌బైక్ రేసు చప్పగా సాగిన వారం కూడా ఇది నిరాశపరచడం తక్కువ. 2024లో మొదలైన మహిళల చాంపియన్‌షిప్ కూడా కొన్ని రౌండ్లలో ఉంటుంది, అందరికీ ఒకే బండి, యమహా ఆర్7. మొదటి టైటిల్ అనా కరాస్కోది.

నేరుగా చూడాలంటే. మన దేశంలో వరల్డ్ సూపర్‌బైక్ రౌండు లేదు. 2013లో గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో పెట్టాలనుకుని రద్దయింది. 2023లో అక్కడికి వచ్చింది మోటోజీపీ. థాయ్‌లాండ్ బురీరాంలో 2015 నుంచి 2019 దాకా సూపర్‌బైక్ ఉండేది, ఇప్పుడు లేదు. మనకు దగ్గరలో 1000 సీసీ బండ్ల రేసు చూడాలంటే ఆసియా రోడ్ రేసింగ్ చాంపియన్‌షిప్‌లో ఏఎస్‌బీ1000 తరగతి ఉంది. మలేసియాలోని సెపాంగ్ ట్రాక్ కౌలాలంపూర్ విమానాశ్రయానికి చానా దగ్గర. అనంతపురం వాళ్లకు ఒక సుఖం: బెంగళూరు విమానాశ్రయం 44వ నంబరు హైవే మీద మన వైపే, దేవనహళ్లి దగ్గర ఉంది. పెనుకొండ, చిక్కబళ్లాపురం మీదుగా పోతే సిటీ ట్రాఫిక్‌లో దిగే పనే లేదు.

మొదటిసారే పాస్‌పోర్టు దాకా పోవద్దు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌ది. జాతీయ మోటార్‌సైకిల్ రేసింగ్ రౌండ్లు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే ఇంకో చోటు, అది చిన్న ట్రాక్. అక్కడ 1000 సీసీ చూస్తామని పోతే మాత్రం నిరాశే. 165 సీసీ ప్రో-స్టాక్, 301-400 సీసీ, టీవీఎస్ వాళ్ల ఒకే బండి రేసులు, హోండా వాళ్ల కుర్రాళ్ల టాలెంట్ కప్ లాంటివి ఉంటాయి. చిన్న ఇంజన్లని చిన్నచూపు వద్దు. బలం తక్కువ కాబట్టి ముందువాడి వెనక గాలిచాటున దూరితేనే వేగం. ఆఖరి మలుపులో ముందున్నవాడు గీత దగ్గర మూడోవాడవడం కళ్లారా చూస్తారు. రేసులు ఆరు నుంచి పది ల్యాపులు, కాబట్టి టైరు దాచుకోవడం తక్కువ, తోసుకోవడం ఎక్కువ.

దారి: కర్నూలు నుంచి 40వ నంబరు హైవే నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప, రాయచోటి, పీలేరు, చిత్తూరు మీదుగా రాణిపేట చేరుతుంది. అక్కడ బెంగళూరు-చెన్నై హైవే ఎక్కితే ట్రాక్ దాని పక్కనే. కడప వాళ్లు రాజంపేట, రైల్వేకోడూరు, రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా పోవచ్చు, లేదా ముంబై-చెన్నై లైను రైలెక్కి అరక్కోణంలో దిగి రోడ్డు పట్టొచ్చు. అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె, చిత్తూరు దారి బెంగళూరు చుట్టి పోయేదానికంటే దగ్గర. రాత్రి బండి తోలి పొద్దున్నే ట్రాక్ దగ్గర నిలబడదామని మాత్రం అనుకోవద్దు. శుక్రవారమే పోయి శ్రీపెరుంబుదూరులో గది తీసుకోండి. వాన వస్తే టైంటేబుల్ అంతా మారుతుంది, ఆదివారం సాయంత్రం రైలు టికెట్టు మరీ గట్టిగా లెక్కేసుకోకండి. ప్రవేశం, పాడాక్ (జట్లు బండ్లు సిద్ధం చేసుకునే చోటు) పాసు సంగతి ఒక్కో రౌండుకు ఒక్కో తీరు, ముందే కనుక్కోండి.

అక్కడ స్ట్రెయిట్ మధ్యలో కూర్చోకండి. బండి అర సెకను కనబడి పోతుంది. స్ట్రెయిట్ చివర బ్రేకు వేసే చోటు కనబడేటట్టు, వీలైతే ఆ మలుపు బయటికొచ్చే భాగం కూడా కనబడేటట్టు కూర్చోండి. ఒక మనిషి ప్రతి ల్యాపు ఎక్కడ బ్రేకు వేస్తున్నాడో చూడడానికి ట్రాక్ పక్కన దూరం రాసిన బోర్డులుంటాయి. రెండు ల్యాపుల్లో ఒకే బోర్డు దగ్గర వేసినవాడు మూడో ల్యాపులో ముందే వేశాడంటే ఏదో తేడా వచ్చిందని తెలిసిపోతుంది. టోపీ, మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, రెయిన్‌కోటు, చెవుల్లో పెట్టుకునే మెత్తటి ప్లగ్గులు పట్టుకోండి. ఇరవై బండ్లు ఒకేసారి లేస్తే చెవులు గుయ్యిమంటాయి, పిల్లల్ని తీసుకుపోతే ప్లగ్గులు తప్పనిసరి. మీరు నలుగురూ బండ్ల మీదే పోతుంటే టైర్లలో గాలి బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. మధ్యలో పెట్రోలు బంకు దగ్గర వేడి టైరు మీద చూసి 'ఎక్కువుంది' అని తీసేస్తే పొద్దునకు తక్కువై కూర్చుంటుంది.